వేడెక్కాకే వచ్చే జబ్బు

నా షెడ్డుకొచ్చేసరికి దానికి ఏ రోగమూ ఉండేది కాదు.
ఒక్క కిక్కు. రెండోది అడిగిన పాపాన పోలేదు.
పాత రాజ్‌దూత్, ఉప్పుగాలి కొరికిన మడ్‌గార్డు,
వెనకాల తాడేసి కట్టిన లేసు దారం మూట.

"రేవులో స్టార్టవ్వదు మేస్త్రీ" అనేది దయామణి గారు.
"ఇక్కడవుతోంది కదండీ" అనేవాణ్ణి.
పాలకొల్లులో పొద్దున్న ఆరింటికి,
రాత్రంతా మంచులో నానిన బండి,
ఇద్దరి మాటా నిజమే.

ప్లగ్గు విప్పాను. కొస కొబ్బరిపీచు రంగు,
అంటే లోపల మంట బాగానే ఉన్నట్టు.
హెడ్డుకి ఆనించి కొట్టిస్తే నీలంగా చిటుక్కుమంది.
కార్బొరేటర్ దింపి జెట్టులో ఊదాను,
అవతల పెట్టిన అరచేతికి గాలి తగిలింది.
ట్యాంకు అడుగున ఉగ్గుగిన్నెడు నీళ్లుంటే పారబోశాను.
ఇదే అయ్యుంటుందనుకున్నాను.
కాదు.

చెయ్యాల్సినవన్నీ అయ్యాక
అనకూడని మాట అన్నాను:
"మీకు కిక్కు కొట్టడం చాతకావట్లేదండీ."
ఆవిడ కుచ్చెళ్లు దోపుకుని, నా ఎదురుగానే
ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయింది.
అది జవాబని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాలూ అవతలి ఒడ్డున అదే తంతు.
పంటు దిగిన మగాళ్లు వరసగా వచ్చి
"తప్పుకోండమ్మా" అంటూ తలా పది కిక్కులు కొట్టి
పిక్కలు పట్టుకుని పోయేవారంట.
రేవు వాలు మీద బండి తోసుకుంటూ ఆవిడ.
పైన అరుగు మీద క్రోషా సూదులు పట్టుకుని
దారం కోసం చూస్తూ పదకొండు మంది ఆడవాళ్లు.

నాలుగో వారం వచ్చి బండి సంగతి ఎత్తలేదు.
చెడిన లేసు ముక్క ఒకటి నా బల్ల మీద పరిచింది.
"కుట్టు జారితే జారిన చోట కనపడదు మేస్త్రీ,
మూడు వరసలు పోయాక ముడతేస్తుంది.
మీరు ముడత దగ్గరికి రావట్లేదు."

షట్టరు దించాను.
మూట ఒళ్లో పెట్టుకుని ఆవిడ వెనకాల కూచున్నాను.
దిగమర్రు దాటేదాకా కాలవ గట్టు మీద
ప్రతి టీకొట్టూ మా వంక చూసింది.
నాకు సిగ్గేసింది, అబద్ధమెందుకు.

నరసాపురంలో పంటెక్కి ఇంజను కట్టేశాం.
వశిష్ఠ సగం దాటాక "కొట్టండి" అన్నాను.
లేదు. మళ్లీ. లేదు.
వచ్చింది జబ్బు, మొదటిసారి నా కళ్లముందు.
సంతోషం ఆగలేదు నాకు. ఆవిడ విచిత్రంగా చూసింది.

ఎండలో కనపడదది. పంటువాళ్ల బరకం అడిగి
నేనూ ఇంజనూ కప్పుకున్నాం.
డీజిలు కంపు, చేపబుట్టల నీచు, మోకాళ్లకి చురుక్కుమనే వేడి.
పాయింట్ల మూత తీసి, "కొట్టండి!"

కనపడింది.
పాయింట్ల మధ్య పసుప్పచ్చగా, లావుగా, తెగని నిప్పు.
ప్లగ్గు దాకా పోవాల్సింది
దార్లోనే కూలబడి కాలిపోతోంది.
కండెన్సర్. చిటికెన వేలి కొసంత ఉంటుంది,
చల్లగా ఉంటే బుద్ధిమంతురాలు,
ఒళ్లు కాలితే చేతులెత్తేస్తుంది.

ఆ లేసు ముక్కే అడిగాను.
గోదాట్లో ముంచి, పిండి, దాని మీద కప్పాను.
పంటు ఒడ్డుకి ఆనుతుండగా
ఆవిడ కొట్టింది. ఒక్కటే.

"తప్పుకోండమ్మా" అనడానికి వస్తున్నాయన
వస్తూవస్తూ ఆగిపోయాడు.

క్షమాపణ లాంటిది నోటిదాకా వచ్చింది,
పొగ అడ్డమొచ్చిందనుకోండి.
"రేపు కొత్తది వేస్తానండీ" అన్నాను.
"ఆయ్" అని గేరేసింది.

పాతది నా సొరుగులోనే ఉంది.
ఎప్పుడు పట్టుకున్నా చల్లగానే ఉంటుంది,
ఏ నేరమూ మోపలేం దాని మీద.
ఇప్పుడెవరైనా వచ్చి
"ఇక్కడ బాగానే ఉంటుంది మేస్త్రీ, అక్కడే..." అంటే
పానా తియ్యను.
ముందు చెప్పులేసుకుంటాను.